వీపు మీద ఎర్ర చారలు.. దెబ్బలా? వైద్యమా?

చెంచాతో గీకితే నొప్పి పోతుందంటారు చైనీయులు. నాణెంతో రుద్దితే ఒంట్లో చేరిన గాలి దిగిపోతుందంటారు వియత్నాం వాసులు. ఆ గీతలు చూసిన అమెరికా డాక్టర్లు మాత్రం పిల్లల్ని కన్నవాళ్లే కొట్టారనుకున్నారు! ఒక ఊళ్లో మందు అయినది మరో ఊళ్లో నేరంగా కనిపించిన 'గువా షా' కథ ఇది.

ఒళ్లు నొప్పులంటే చాలు.. మన ఇళ్లలో మొదట వినిపించే మాట 'కాస్త బామ్ రాసుకో'. తగ్గకపోతే వేడినీళ్ల కాపడం. ఆపైన ఆవిరి పట్టడం, నువ్వుల నూనెతో మర్దన. అప్పటికీ లొంగకపోతేనే ఆస్పత్రి. చైనా పల్లెల్లోనూ ఇంచుమించు ఇదే వరస. కాకపోతే అక్కడ నూనె సీసాతో పాటు వంటింట్లోంచి ఒక పింగాణీ చెంచా కూడా వస్తుంది. సూప్ తాగే చెంచానే! దాని అంచుతో మెడ మీద, వీపు మీద గీకుతారు. కాసేపటికి చర్మం ఎర్రగా కందిపోయి, సన్నని చుక్కలు తేలుతాయి. చూసేవారికి ఒళ్లు జలదరిస్తుంది. గీకించుకున్నవారు మాత్రం 'హమ్మయ్య, భారం దిగింది' అంటూ లేచి కూర్చుంటారు. దీని పేరే గువా షా.

గీకడమే వైద్యం

చైనా భాషలో 'గువా' అంటే గీకడం. 'షా' అంటే అలా గీకినప్పుడు చర్మం మీద ఇసుక చల్లినట్టు తేలే ఎర్రని చుక్కలు. జ్వరం, కడుపునొప్పి, వాంతులు, వడదెబ్బ వంటివి ఒక్కసారిగా మీదపడే జబ్బులకు కూడా పాతరోజుల్లో 'షా' అనే పేరుండేది. లోపల ఇరుక్కున్న జబ్బును చర్మం మీదకు లాగేస్తే రోగి కోలుకుంటాడన్నది వారి నమ్మకం.

చేసే పద్ధతి తేలికే. నొప్పి ఉన్న చోట ముందుగా నూనె పట్టిస్తారు. నూనె లేకుండా గీకితే చర్మం లేచిపోతుంది. తర్వాత నున్నటి అంచున్న పనిముట్టును కాస్త వాల్చి పట్టుకుని, పైనుంచి కిందకు ఒకే దిశలో లాగుతారు. ముందుకూ వెనక్కూ రుద్దరు. ఒక్కో గీత జానెడు పొడవుంటుంది. ఒకేచోట అలా కొన్నిసార్లు లాగాక చుక్కలు తేలతాయి. ఇక అక్కడ ఆపేసి పక్క చోటికి జరుగుతారు. మెడ వెనుక నుంచి భుజాల వరకు, వెన్నెముకకు అటూ ఇటూ.. ఇలా సాగుతుంది. వెన్నెముక ఎముక మీద, పుట్టుమచ్చల మీద, పుండ్ల మీద గీకరు. పనయ్యాక ఒంటిని కప్పుకుని గోరువెచ్చని నీళ్లు తాగమంటారు. ఆ రోజుకు చలిగాలి తగలనీయరు.

పనిముట్టు ఏదైనా ఫర్వాలేదు. అంచు నున్నగా ఉంటే చాలు. పింగాణీ చెంచా, రాగి నాణెం, నీటిగేదె కొమ్ముతో చేసిన పలక, జేడ్ రాయి.. ఏది చేతికందితే అదే. పైసా ఖర్చులేని వైద్యం కనుకే ఇది పెద్ద వైద్యుల దగ్గర కన్నా అమ్మమ్మల చేతిలోనే ఎక్కువ కాలం బతికింది.

పుస్తకాల్లోకీ ఎక్కింది

అమ్మమ్మల వైద్యమని చైనా పండితులు దీన్ని వదిలేయలేదు. 14వ శతాబ్దంలో వై యీలిన్ అనే వైద్యుడు తన వంశంలో తరతరాలుగా పనిచేసిన చికిత్సలన్నింటినీ ఒక గ్రంథంగా కూర్చాడు. జనపనారను పోలిన నారపోచల్ని నీళ్లలో ముంచి మెడ, మోచేతులు, మోకాళ్ల దగ్గర రుద్దితే కొర్రగింజల్లాంటి ఎర్రని చుక్కలు తేలతాయని అందులో ఉంది. అప్పటికి చెంచా లేదు, నాణెం లేదు.. నారతోనే పని జరిగేదన్నమాట. ఆ తర్వాత 1675లో గువో జిషుయ్ అనే వైద్యుడు 'షా' జబ్బుల మీదే ఏకంగా ఒక పుస్తకం రాశాడు. ఎక్కడ గీకాలి, ఎక్కడ సూదితో పొడవాలి, ఎప్పుడు కషాయం తాగించాలి అన్నవి విడమరిచాడు. అంటే గీకుడుతోనే అన్నీ నయమవుతాయని ఆనాటి వైద్యుడు కూడా అనలేదు.

అందరిదీ 'గాలి' గోలే

చైనా నుంచి దక్షిణంగా వెళ్లేకొద్దీ ఇదే వైద్యం వేర్వేరు పేర్లతో కనిపిస్తుంది. వియత్నాంలో దీన్ని 'కావ్ జో' అంటారు. 'గాలిని గీకి తీయడం' అని అర్థం. యానాం నుంచి ఫ్రెంచివారు తప్పుకున్న 1954లోనే వియత్నాంలోనూ వారి పాలన ముగిసింది. ఆ పాలనలో పెద్ద ఆస్పత్రులు వచ్చినా ఇంటింటా ఈ నాణెం వైద్యం మాత్రం పోలేదు. జలుబు చేసినా, తల తిరిగినా ఆకుపచ్చ సీసాలోని ఘాటైన నూనె, ఒక నాణెం సిద్ధం.

కంబోడియాలో 'కోస్ ఖ్యాల్' అంటారు. అక్కడా 'ఖ్యాల్' అంటే గాలే! ఇండోనేసియాకు వెళ్తే పేరు 'కెరోకాన్'. వానలో తడిసి, చలిగాలికి తిరిగి నలతపడితే అక్కడివారు 'మాసుక్ ఆంగిన్' అంటారు. అంటే 'గాలి లోపలికి దూరింది' అని. ఇంట్లో ఎవరో ఒకరు నాణెం తీసుకుని వీపు మీద వెన్నెముకకు రెండు పక్కలా ఏటవాలుగా గీతలు లాగుతారు. పూర్తయ్యేసరికి వీపంతా చేప ముల్లు బొమ్మలా తయారవుతుంది. ఆఫీసుకెళ్లేవారు కూడా చొక్కా కింద ఆ గీతలతోనే వెళ్తుంటారు. ఎవరూ వింతగా చూడరు.

ఈ 'గాలి' మాట తెలుగువారికి కొత్తేమీ కాదు. కీళ్లు పట్టేస్తే 'వాతం చేసింది' అంటాం. ఛాతీలో కలుక్కుమంటే 'గ్యాస్ పట్టేసింది' అంటాం. ఆయుర్వేదంలో వాతమంటే గాలి గుణమే. భాషలు వేరు, దేశాలు వేరు.. ఒంట్లో నొప్పి ఎక్కడిదో తెలియనప్పుడు గాలి మీద నెపం వేయడంలో మాత్రం అందరూ ఒకే తాను ముక్కలు!

ఇంతకీ ఆ ఎరుపేంటి?

గువా షా చేసేటప్పుడు చర్మం తెగదు. రక్తం బయటికి రాదు. చర్మం కింద వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాలుంటాయి. గీకుడు ఒత్తిడికి వాటిలోంచి కాస్త రక్తం బయటి కణజాలంలోకి ఊరుతుంది. అదే ఎర్రటి చుక్కలుగా కనిపిస్తుంది. తర్వాత శరీరం ఆ రక్తాన్ని విడగొట్టి శుభ్రం చేసుకుంటుంది. మామూలుగా 2 నుంచి 4 రోజుల్లో మచ్చలు మాయమవుతాయి. కొందరికి వారం పట్టొచ్చు.

'ముదురు రంగులో తేలితే జబ్బు పాతది, లేత రంగులో తేలితే కొత్తది' అని పాత వైద్యులు చెబుతారు. 'విషం బయటికొచ్చింది' అని ఇప్పటి స్పాలవాళ్లు ప్రచారం చేస్తారు. బయటికొచ్చింది విషం కాదు, మన రక్తమే. మచ్చ ఎంత ఎర్రగా ఉంటే వైద్యం అంత బాగా పనిచేసినట్టన్నదీ రుజువైన మాట కాదు.

మరి ఉపశమనం ఎందుకు? దీనిపై కొన్ని పరిశోధనలు జరిగాయి. అమెరికాకు చెందిన ఆక్యుపంక్చర్ నిపుణురాలు ఆర్యా నీల్సన్, మరికొందరు కలిసి 11 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. గీకిన చోట చర్మంలో రక్తప్రసరణ ఎలా ఉందో లేజర్ సాయంతో కొలిచారు. మొదటి ఏడున్నర నిమిషాల్లో అది నాలుగు రెట్లు పెరిగింది. కొలిచిన 25 నిమిషాలూ మామూలు కన్నా ఎక్కువగానే ఉంది.

2009లో ఎలుకల మీద మరో ప్రయోగం జరిగింది. చర్మం కిందికి ఊరిన రక్తాన్ని విడగొట్టేందుకు శరీరం ఒక ఎంజైమును ఎక్కువగా తయారుచేస్తోందని అందులో గమనించారు. వాపును, మంటను అదుపుచేయడంలోనూ ఆ ఎంజైముకు పాత్ర ఉంది. ఎలుకల్లో జరిగిందల్లా మనుషుల్లోనూ జరగాలని లేదు. కాకపోతే ఉపశమనానికి కారణం వెతికేవారికి ఒక దారి దొరికింది.

జర్మనీలో ఏళ్లతరబడి మెడనొప్పితో బాధపడుతున్న 48 మందిని రెండు బృందాలుగా విడదీసి చూశారు. ఒక బృందానికి గువా షా చేశారు. రెండో బృందానికి వేడి కాపడం పెట్టారు. వారం తర్వాత చూస్తే గువా షా చేయించుకున్నవారికే నొప్పి ఎక్కువగా తగ్గింది. ఈ ఫలితాలు 2011లో వచ్చాయి.

అయితే ఇక్కడో మెలిక ఉంది. మాత్రల పరీక్షలో అయితే ఎవరికి అసలు మందు ఇచ్చారో, ఎవరికి ఉత్తి బిళ్ల ఇచ్చారో తెలియకుండా దాచొచ్చు. గీకుడును ఎలా దాచేది? వీపు మీద గీకారో లేదో రోగికి తెలియకుండా ఉండదు కదా! 'కొత్త వైద్యం చేశారు' అన్న నమ్మకంతోనే కొంత నొప్పి తగ్గి ఉండొచ్చు. పైగా పరీక్షించింది వారం రోజుల మాటే. కాబట్టి 'మెడనొప్పికి కొన్నాళ్లు ఉపశమనం ఇవ్వొచ్చు' అనేంతవరకే చెప్పగలం. జ్వరం, ఉబ్బసం, కామెర్లు, పక్షవాతం కూడా పోతాయని ఎవరైనా చెబితే నమ్మాల్సిన పనిలేదు.

సముద్రం దాటితే చిక్కు

1975 ఏప్రిల్ 30న సైగాన్ పతనమైంది. ఆ ఏడాది లక్షకు పైగా వియత్నాం వాసులు శరణార్థులుగా అమెరికా చేరారు. కట్టుబట్టలతో వెళ్లినవారు కూడా నాణెం వైద్యాన్ని మాత్రం వెంట తీసుకెళ్లారు. పిల్లాడికి జ్వరం వస్తే మొదట నాణెంతో గీకేవారు. తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లేవారు. అక్కడ డాక్టరు చొక్కా విప్పి చూస్తే.. వీపు నిండా ఎర్రటి వాతలు!

పిల్లల్ని హింసిస్తే అక్కడ నేరం. అనుమానం వస్తే డాక్టరు అధికారులకు చెప్పి తీరాలి. తల్లిదండ్రులకు ఇంగ్లిష్ రాదు. డాక్టరుకు వియత్నాం భాష రాదు. 'గాలి తీశాం' అని చెప్పబోతే ఆ మాటకు అర్థమే లేదు. ప్రేమతో చేసిన పని హింసలా కనిపించింది. దాంతో కొందరు అసలు ఆస్పత్రి గడప తొక్కడానికే జంకారు. అమెరికా వైద్య పత్రికలు ఈ సంగతిని 1970ల్లోనే రాయడం మొదలుపెట్టాయి. 1980లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలోనూ దీనిపై వ్యాసం వచ్చింది. ఆ తర్వాత పిల్లల డాక్టర్ల చదువులో ఇదొక పాఠమైంది. గువా షా గీతలు వెన్నెముకకు రెండు వైపులా సమానంగా, పక్కటెముకల వెంట వరుసగా ఉంటాయి. కొట్టిన దెబ్బలకు అలాంటి పద్ధతి ఉండదు. ఆ తేడా చూడాలని, ముందు ఇంటివారిని అడగాలని చెబుతారు.

ఇదే కథాంశంతో 2001లో 'గువా షా' పేరిట చైనా సినిమా కూడా వచ్చింది. దర్శకుడు జెంగ్ షియావోలాంగ్. టోనీ ల్యూంగ్ కా ఫాయ్ కథానాయకుడు. అమెరికాలోని సెయింట్ లూయీలో స్థిరపడిన చైనా కుటుంబం వారిది. స్వదేశం నుంచి తాతయ్య వస్తాడు. మనవడికి ఒంట్లో బాగోలేకపోతే మందు సీసాల మీద ఇంగ్లిష్ చదవలేక, తనకు తెలిసిన గువా షా చేస్తాడు. ఆ గీతలు అధికారుల కంటపడతాయి. తండ్రి కోర్టు మెట్లెక్కాల్సి వస్తుంది. పిల్లాడు తల్లిదండ్రులకు దూరమవుతాడు. తనవల్లే ఇదంతా అయిందని తాతయ్య కుమిలిపోతాడు. చివరికి తండ్రి పైఅధికారి అయిన అమెరికన్ స్వయంగా చైనాటౌన్‌కు వెళ్లి తన వీపు మీద గువా షా చేయించుకుని చూస్తాడు. అప్పుడుగానీ విషయం అర్థంకాదు. చేయించుకున్నవాడికి తప్ప చూసినవాడికి తెలియదన్నమాట!

అమెరికాలో మనవల్ని చూసుకోవడానికి వెళ్లే అమ్మమ్మలు, తాతయ్యలు హొసూరులో ఉన్నారు, బళ్లారిలో ఉన్నారు, బరంపురంలోనూ ఉన్నారు. అలాంటివారికి ఆ తాతయ్య కష్టం వేరే చెప్పనక్కర్లేదు. అంతదూరం ఎందుకు? ఇంట్లో తెలుగు, బడిలో కన్నడమో తమిళమో, ఆస్పత్రిలో మరాఠీనో ఒడియానో మాట్లాడుకునే సరిహద్దు ఊళ్లలో 'నొప్పి ఇలా ఉంది డాక్టర్' అని చెప్పడమే ఒక పెద్ద పని. ఇక ఇంట్లో ఏ మందు వేశారో, ఏం రాశారో చెప్పేదెక్కడ?

షోలాపూర్ ముడి

చైనాకు, తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న షోలాపూర్‌కు వైద్యంతో ఒక బంధం ఉంది. జపాన్ దాడితో అల్లాడుతున్న చైనాకు 1938లో భారత జాతీయ కాంగ్రెస్ అయిదుగురు వైద్యులను పంపింది. వారిలో ఒకరు షోలాపూర్‌లో పుట్టిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్. అక్కడే సేవచేస్తూ 1942 డిసెంబరు 9న, 32 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. ఆ బృందంలోని మరో వైద్యుడు డాక్టర్ బిజయ్ కుమార్ బసు. ఆయన 1950ల చివర్లో చైనాలో ఆక్యుపంక్చర్ నేర్చుకుని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టారు. చైనా సూది వైద్యం ఆధునిక కాలంలో మన దేశంలో వేళ్లూనుకున్నది అలా. ఆ వైద్యం చేసేవారిలో కొందరు ఇప్పుడు గువా షా కూడా చేస్తున్నారు.

షోలాపూర్‌లో మగ్గాల మీద పనిచేసే పద్మశాలీలకు, ఒళ్లో చాట పెట్టుకుని రోజంతా తల వంచి బీడీలు చుట్టే ఆడవారికి మెడ, భుజాల నొప్పులు ఎలా ఉంటాయో ఎవరూ చెప్పక్కర్లేదు. గువా షాకు కాస్తో కూస్తో ఆధారం ఉన్నదీ సరిగ్గా ఈ నొప్పికే. కానీ ఒకటి.. నొప్పి దిగిన మర్నాడు మళ్లీ అదే చాట ముందు, అదే వంగిన మెడతో కూర్చుంటే నొప్పి తిరిగి రాకుండా ఉండదు. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం, భుజాలు తిప్పడం, కూర్చునే ఎత్తు సరిచేసుకోవడం.. వీటికి ఏ చెంచా సాటిరాదు. చేతులు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా అది ఇంటి వైద్యంతో పోయేది కాదు. డాక్టరుకు చూపించాల్సిందే.

అన్ని గీతలూ ఒకటి కాదు

గువా షా గీత నాలుగు రోజుల్లో మాసిపోతుంది. మన వైపు ఇంకా పోని మరో గీత ఉంది. పసిపిల్లలకు కడుపు ఉబ్బినా, గుక్కపట్టి ఏడ్చినా ఇనుప చువ్వ కాల్చి పొట్ట మీద వాతలు పెట్టడం. ఒడిశా దక్షిణ జిల్లాల నుంచి ఇలాంటి వార్తలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ఇది వైద్యం కాదు, కాలిన గాయం. చీము పట్టి పసిప్రాణాలకే ముప్పు వస్తుంది. 'చైనావాళ్లు గీకుతున్నారుగా, మనం కాలిస్తే ఏం' అనే వాదనకు తావులేదు.

కర్పూరం సంగతీ అంతే. జలుబు చేసిన పిల్లలకు కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి రాయడం మనకు అలవాటు. గీకేముందు పూసే ఘాటైన నూనెల్లోనూ కర్పూరం ఉంటుంది. గీకిన చర్మం దాన్ని ఇంకా ఎక్కువగా పీల్చుకుంటుంది. రెండేళ్లలోపు పిల్లలకు కర్పూరం ఒంట్లోకి చేరితే ఫిట్స్ రావచ్చు. పసివారి జోలికి ఈ రెండూ వద్దు.

ముఖానికి వేరే రాయి

ఈ మధ్య ఫోన్లలో కనిపించే గువా షా వేరు. హృదయాకారంలో ఉండే గులాబీ రంగు రాయితో బుగ్గల మీద మెల్లగా దువ్వినట్టు లాగడం అది. అందులో గట్టిగా గీకరు, ఎర్ర చుక్కలూ తేలవు. నూనె రాసుకుని చేసే తేలికపాటి మర్దన అనుకోవచ్చు. ఉదయంపూట ఉబ్బిన ముఖం కాసేపు తేలికపడొచ్చు. ముడతలు పోతాయి, ముఖం సన్నబడుతుంది అనేవి అమ్మకం మాటలే. రాయి ఖరీదును బట్టి ఫలితం మారదు.

ఇవి గుర్తుంచుకోండి

- రక్తం పలచబడే మాత్రలు వాడేవారు, రక్తం గడ్డకట్టని జబ్బున్నవారు చేయించుకోకూడదు. గుండెజబ్బుకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి వాడేవారు డాక్టరును అడగాలి.

- గర్భిణుల పొట్ట మీద, నడుము మీద వద్దు. పుండ్లు, గజ్జి, దద్దుర్లు, ఎండకు కమిలిన చర్మం, కొత్త ఆపరేషన్ గాయాల మీద అసలే వద్దు.

- మధుమేహంతో చర్మం స్పర్శ తగ్గినవారికి ఎంత గట్టిగా గీకుతున్నారో తెలియదు. వారూ దూరంగా ఉండాలి.

- ఒకరికి వాడిన పనిముట్టును శుద్ధిచేయకుండా మరొకరికి వాడకూడదు. చర్మం తెగకపోయినా రక్తం అంటే అవకాశం ఉంది. హెపటైటిస్ బి, సి వంటివి అలాగే పాకుతాయి. ఇంట్లో అయితే ఎవరి చెంచా వారిదే.

- పాత మచ్చ పూర్తిగా పోయేదాకా అదేచోట మళ్లీ గీకించుకోకూడదు.

- ఛాతీనొప్పి, ఒక పక్క చేయి కాలు పడిపోవడం, మెడ బిగుసుకుపోయి తీవ్రమైన జ్వరం.. ఇవి ఉంటే ఏ ఇంటి వైద్యంతోనూ ఒక్క నిమిషం వృథా చేయొద్దు. నేరుగా ఆస్పత్రికే.

అన్నింటికీ మించి ఇంకొకటి. గువా షా కావచ్చు, నాటువైద్యం కావచ్చు, చెట్టు మందు కావచ్చు.. ఆస్పత్రికి వెళ్లినప్పుడు అది చేయించుకున్నట్టు డాక్టరు అడగకముందే చెప్పాలి. తిడతారేమోనని దాచొద్దు. భాష రాకపోతే వచ్చినవారిని వెంట తీసుకెళ్లాలి. ఒంటి మీద గీతను చూసి డాక్టరు ఏమైనా అనుకోవచ్చు. అది ఎందుకు పడిందో ఇంటివారు చెబితేనే ఆయనకు తెలుస్తుంది, సరైన వైద్యమూ అప్పుడే మొదలవుతుంది.